రాయవేలూరు దొరసాని, ఆమె వెనుక నడిచిన నర్సమ్మలు

చిత్తూరు, తిరుపతి వైపు పల్లెల్లో పెద్ద జబ్బు వస్తే ఇప్పటికీ ఒకటే మాట. రాయవేలూరు తీసుకుపోండి. అప్పు చేసో, ఆవును అమ్మో, సంచిలో పాత స్కానింగులు పెట్టుకుని కాట్పాడిలో దిగుతారు. ఆటోవాడికి ఆస్పత్రి పేరు చెప్పాల్సిన పని ఉండదు. సంచిని చూసే తీసుకెళ్తాడు. మన దళితవాడల్లో ఆ ఆస్పత్రి మెట్లు ఎక్కని కుటుంబాన్ని వెతికి పట్టుకోవడం కష్టం.

ఆ ఆస్పత్రిని కట్టిన మనిషి ఐడా సోఫియా స్కడ్డర్. 1870లో పుట్టింది, 1960లో చనిపోయింది. ఆమె కథను చర్చిలో సండే స్కూలు పిల్లలకు చెబుతారు, బడి పుస్తకాల్లో రాస్తారు. ఒక రాత్రి మూడు తలుపు చప్పుళ్లు, ముగ్గురు ఆడవాళ్ల చావు, ఒక అమ్మాయి నిర్ణయం. అక్కడి నుంచి కథ నేరుగా పెద్ద ఆస్పత్రికి దూకుతుంది. ఆ రెండింటి మధ్య ఎవరున్నారు? గాయం కడిగిందెవరు, పురుడు పోసిందెవరు, పల్లె నుంచి రోగిని రోడ్డు మీదికి మోసుకొచ్చిందెవరు? ఐడా జీవితాన్ని ఈ ప్రశ్నలతో మళ్లీ చదివితే ఇంకో కథ కనబడుతుంది. అందులో డాక్టరమ్మ ఒక్కతే ఉండదు. ఆమె పక్కన నర్సమ్మలుంటారు, వాళ్ల వెనుక పేద క్రైస్తవ సంఘాలుంటాయి. ఆ సంఘాల్లో ఎక్కువ మంది మనవాళ్లే.

ధాత కరువులో ఒక పిల్ల

ఐడా రాణిపేటలో పుట్టింది. ఆ రోజుల్లో రాణిపేట, వేలూరు, చిత్తూరు, తిరుపతి అన్నీ ఒకే జిల్లా. దాని పేరు ఉత్తర ఆర్కాటు. జిల్లా కేంద్రం చిత్తూరు. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా మనకూ వేలూరుకూ నడుమ గీత లేదు. తెలుగూ తమిళమూ కలిసి మాట్లాడే ఊళ్లు ఆ దారి పొడవునా ఇప్పటికీ ఉన్నాయి.

ఆమె తాత జాన్ స్కడ్డర్ అమెరికా నుంచి ఆసియాకు వచ్చిన తొలి వైద్య మిషనరీ. 1819లో సిలోనుకు వచ్చి, తర్వాత మద్రాసు చేరాడు. ఆయన కొడుకులు 1853లో ఆర్కాటు మిషన్ పెట్టారు. అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి దానికి అండ. ఆ కొడుకుల్లో ఒకరైన రెండో జాన్ స్కడ్డర్ కూడా డాక్టరే. ఐడా ఆయన కూతురు.

సంఘంలోకి వచ్చేవాళ్లు కులాచారాన్ని వదిలి రావాలని ఆర్కాటు మిషన్ గట్టిగా పట్టుబట్టింది. దాంతో అగ్రకులాల నుంచి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. తమిళ పల్లెల్లో పరయలు, తెలుగు పల్లెల్లో మాలలు ఎక్కువగా వచ్చారు. ఊరి బావి, ఊరి గుడి, ఊరి బడి మూసుకున్న జనానికి అక్కడ ఒక తలుపు తెరుచుకుంది. లోపల కులం మాయమైపోయిందని చెప్పలేం. నియమం పుస్తకంలో ఒకటి, పెళ్లి సంబంధాల దగ్గర ఇంకొకటి. అయినా ఆదివారం ఒకే చాప మీద కూర్చోవడం, పిల్లకు అక్షరం రావడం చిన్న విషయాలు కావు.

ఐడాకు ఆరేళ్లప్పుడు కరువొచ్చింది. 1876లో మొదలై 1878 దాకా సాగిన ఆ కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. రాయలసీమ, ఉత్తర ఆర్కాటు ఎండిపోయాయి. మద్రాస్ ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. ముందుగా చచ్చింది సెంటు భూమి కూడా లేని కూలీలు. మిషన్ బంగళా ఆవరణలో చేరిన పిల్లలు రొట్టె ముక్కను చేత్తో పట్టుకుని నోటిదాకా తెచ్చుకోలేనంత నీరసించి ఉన్నారు. చిన్న ఐడా ముక్కలు తుంచి వాళ్ల నోట్లో పెట్టింది. ఆమె జీవితంలో తొలి నర్సింగ్ పని అదేననుకోవచ్చు. 1878లో కుటుంబం అమెరికా వెళ్లిపోయింది. ఆ దృశ్యం మాత్రం ఆమెను వదల్లేదు. ఇండియాకు తిరిగి రాకూడదని ఆ పిల్ల అనుకుంది.

మూడు తలుపులు, వినబడని నాలుగోది

తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి 1890లో ఐడా తిరిగి రావలసి వచ్చింది. తండ్రి అప్పుడు తిండివనంలో పనిచేస్తున్నాడు. కొద్ది రోజులుండి వెళ్లిపోవాలని ఆమె ఆలోచన. ఆ రోజుల్లోనే ఆ ప్రసిద్ధ రాత్రి వచ్చింది. ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, భార్య కాన్పు కష్టమైందనీ, సాయం చేయమనీ అడిగాడు. డాక్టరు మా నాన్న, ఆయన వస్తాడని ఐడా చెబితే అతను ఒప్పుకోలేదు. పరాయి మగవాడు భార్యను తాకడం కంటే ఆమె చనిపోవడమే మేలని వెనుదిరిగాడు. తర్వాత ఒక ముస్లిం వచ్చాడు. ఆ తర్వాత మరో అగ్రకుల హిందువు. ముగ్గురిదీ అదే మాట. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. వైద్యం చదవాలని ఐడా ఆ పొద్దున తేల్చుకుంది.

ఈ కథ నిజాన్నే చెబుతుంది. ఆడదాని ప్రాణం కంటే ఇంటి పరువు బరువైన సమాజం అది. కానీ ఈ కథలో వినబడని తలుపు చప్పుడు ఒకటుంది. ఆ రాత్రి తిండివనం చేరిల్లో, మన మాలపల్లెల్లో, మాదిగవాడల్లో కూడా ఆడవాళ్లు నొప్పులు పడుతూనే ఉంటారు. దొర బంగళా దాకా రాత్రిపూట నడిచి వెళ్లి తలుపు తట్టే ధైర్యం ఏ కూలివాడికి ఉంటుంది? డాక్టరును వద్దనడానికైనా ముందు డాక్టరును అడిగే హక్కు ఉండాలి. అమెరికాలో చందాలు వసూలు చేసే సభల్లో మూడు తలుపుల కథే కదిలించింది. నాలుగో తలుపు గురించి చెప్పేవాళ్లు లేరు.

ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. పరాయి చెయ్యి తగలకూడదన్న ఆ ఇళ్లలో పురుడు పోసే చేతులు ఎవరివి? మన ప్రాంతంలో మంత్రసాని చాలా ఊళ్లలో మంగలి, చాకలి, మాల, మాదిగ ఇళ్ల మనిషే. బొడ్డు కోసేది ఆమె, మావిని పాతిపెట్టేది ఆమె, నెత్తుటి గుడ్డలు ఉతికేది ఆమె. ఆమె తాకిడి అవసరం, ఆమె మాత్రం అంటు. పని అయ్యాక ఇల్లు కడిగి శుద్ధి చేసుకుంటారు. చేటలో కాసిని వడ్లు, ఒక పాత చీర, అంతే కూలి. మిషనరీల రాతల్లో ఈ మంత్రసానులు మురికిచేతుల అజ్ఞానులుగానే కనబడతారు. చేతులు కడుక్కోవాలని వాళ్లకు నేర్పినవాళ్లు లేరు నిజమే. కానీ వాళ్ల అనుభవాన్ని ఒక విద్యగా చూసినవాళ్లూ లేరు.

సలోమీ

ఐడా 1895లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. చివరి ఏడాది కార్నెల్‌లో చదివి 1899లో డాక్టరైంది. షెల్ అనే న్యూయార్క్ బ్యాంకరు భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చాడు. 1900 జనవరిలో ఐడా ఇండియాలో దిగింది. తండ్రి దగ్గర ఒకటి రెండేళ్లు పని నేర్చుకుందామనుకుంది. ఆ మే నెలలోనే ఆయన చనిపోయాడు. అనుభవం లేని ముప్పై ఏళ్ల డాక్టరు, నమ్మని ఊరు, బంగళాలో ఒక చిన్న గది. వేలూరులో పని అలా మొదలైంది.

అప్పుడు ఆమె పక్కన నిలబడింది సలోమీ. ఆ ఇంట్లో పనిచేసే మనిషి భార్య. నర్సింగ్ చదవలేదు, అసలు చదువుకునే వీలే ఆమెకు రాలేదు. రోగిని పడుకోబెట్టడం, కట్టు కట్టడం, మందు కలపడం, సామాను ఉడకబెట్టడం ఒక్కొక్కటే నేర్చుకుంది. అంతకంటే ముఖ్యం, రోగుల భాషా భయమూ ఆమెకు తెలుసు. తెల్ల డాక్టరమ్మకూ ఊరి ఆడవాళ్లకూ నడుమ వంతెన ఆమే. మొదటి రెండేళ్లలో 5,000 మందికి వైద్యం జరిగిందని చెబుతారు. ఆ లెక్కలో సలోమీ చేతుల వాటా ఎంతో వేరుగా రాసిపెట్టలేదు. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరిచారు. గోడ మీద దాత భార్య పేరు ఎక్కింది. సలోమీ పేరు జీవితచరిత్రల్లో కొన్ని పేజీలకే పరిమితమైంది.

ఆ తొలి ఏళ్లలోనే వేలూరుకు ప్లేగు వచ్చింది. జనం ఇళ్లు వదిలి పారిపోయారు. ఐడా వీధులు తిరిగి టీకాలు వేయించింది. ఇది చదువుతుంటే పుణె గుర్తొస్తుంది. 1897లో అక్కడ ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే జబ్బుపడ్డ అంటరాని పిల్లవాణ్ని భుజాన వేసుకుని కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు మోసుకెళ్లింది. అదే ప్లేగు సోకి చనిపోయింది. మన దేశంలో నర్సింగ్ చరిత్ర రాయాలంటే ఆ మోసిన భుజం నుంచి కూడా మొదలుపెట్టాలి.

తాకడం ఒక చదువైన రోజు

ఒక డాక్టరు ఎంత పనిచేసినా ఒక్క మనిషే. రాత్రంతా రోగి పక్కన కూర్చునేవాళ్లు కావాలి. ఐడా ఈ సంగతి త్వరగానే గ్రహించింది. డెలియా హౌటన్ అనే అమెరికన్ నర్సు తోడుగా 1909లో వేలూరులో నర్సుల శిక్షణ బడి పెట్టింది. వైద్య కళాశాల రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. అంటే వేలూరులో ముందు పుట్టింది నర్సుల చదువు.

ఆ బడికి పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? అగ్రకుల ఇళ్ల నుంచి ఆ రోజుల్లో అమ్మాయిని పంపరు. మలమూత్రాలు ఎత్తాలి, చీము కడగాలి, శవాన్ని తుడవాలి. ఏ కులమో తెలియని ఒంటిని తాకాలి. రాత్రిళ్లు ఇంటి బయట ఉండాలి. మనుస్మృతి లెక్కలో ఇవన్నీ మైల పనులు. మైల పనులకు మైల కులాలుండనే ఉన్నాయి. అందుకే నర్సు పని అంటే చాలాకాలం ఇంట్లో చెప్పుకోలేని పని. మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ అమ్మాయిలు, వితంతువులు, అనాథలు ఆ ఖాళీని నింపారు. 1940ల నాటికి దేశంలో శిక్షణ పొందిన నర్సుల్లో అత్యధికులు క్రైస్తవులే. ఇది క్రైస్తవుల్లో దయ ఎక్కువ కాబట్టి జరిగిందని సరిపెట్టుకుంటే కులాన్ని తప్పించి మాట్లాడినట్టవుతుంది. మిగతా సమాజం మైల అని వదిలేసిన పనిని చదువుగా నేర్చుకునే వీలు, నేర్చుకోవలసిన అవసరం రెండూ వీళ్లకే ఉన్నాయి.

ఇక్కడే ఐడా చేసిన పనిలోని అసలు తిరుగుబాటు ఉంది. ఆమె కులం మీద సభలు పెట్టలేదు, పత్రికల్లో వాదించలేదు. ఆ విషయంలో ఆమెను సంస్కర్తగా చేయాల్సిన అవసరం లేదు. కానీ ఆమె బడి గెంజి పెట్టిన తెల్లబట్ట కట్టిన ఒక పేద క్రైస్తవ అమ్మాయి చేతికి థర్మామీటరు ఇచ్చింది. ఉదయం పూట ఆ అమ్మాయి వార్డులో నడుస్తూ బ్రాహ్మణ రోగి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టేది. వెంట వచ్చిన చుట్టాలు వంట విడిగా చేసుకోవచ్చు, ఇంటికెళ్లాక తలస్నానమూ చేసుకోవచ్చు. కట్టు మాత్రం ఆ అమ్మాయే కట్టాలి. మంత్రసాని తాకితే అది వెట్టి. నర్సు తాకితే అది విద్య. శతాబ్దాల పాటు ఒకే రకం చేతులు చేసిన పనికి మొదటిసారి ఒక సర్టిఫికెట్, ఒక జీతం, ఒక హోదా వచ్చాయి.

రోడ్డు పక్కన చెట్టు కింద

వేలూరుకు రాలేనివాళ్ల దగ్గరికి తామే పోవాలని ఐడా వారానికొకసారి గుడియాత్తం దారి పట్టింది. మొదట ఎద్దుబండి. 1909 ప్రాంతంలో ఒక చిన్న ఫ్రెంచి ప్యూజో కారు వచ్చింది. గుర్రం లేకుండా చప్పుడు చేస్తూ వస్తున్న బండిని చూసి దయ్యమని జనం పొలాల్లోకి పరుగెత్తారట. తర్వాత అదే బండి కోసం తెల్లవారకముందే వచ్చి చెట్ల కింద వరుసగా కూర్చునేవారు. గుడియాత్తం దాటితే మన పలమనేరు కొండలే.

ఆ చెట్టు కింద పని ఎలా జరిగేదో ఊహించుకుంటే నర్సు స్థానం తెలుస్తుంది. బండి ఆగగానే మందుల పెట్టెలు దింపాలి. ముందు ఎవరిని చూడాలో వరుస తేల్చాలి. కురుపులు కడగాలి, పాత కట్టు విప్పాలి, కళ్లలో మందు వేయాలి. డాక్టరమ్మ ఒక్కొక్కరికి ఇచ్చేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాలకు ముందూ వెనుకా ఉన్న పనంతా నర్సుది. పెద్ద రోగమైతే బండిలోనే వేలూరుకు తీసుకెళ్లాలి. రాననే కుటుంబాన్ని ఒప్పించాలి. కుష్ఠు రోగులు కొంచెం ఎడంగా కూర్చునేవారు. వాళ్ల కాళ్ల పుండ్లు కూడా అక్కడే కడిగేవారు. ఊరు అంటరానివాళ్లన్న జనం నుంచి వచ్చిన అమ్మాయి, ఊరే వెలివేసిన ఒంటిని తాకడం అది.

పల్లె వైపు నుంచి ఈ పనికి ఊతం సంఘానిది. ఉపదేశి, బైబిల్ స్త్రీ, బడి పంతులు ఇల్లిల్లూ తెలిసినవాళ్లు. ఎవరికి జ్వరం తగ్గలేదు, ఏ పిల్లకు నెలలు నిండాయి, ఎవరు సిగ్గుపడి జబ్బు దాస్తున్నారు అన్నది వాళ్లకు తెలుసు. ఫలానా రోజు బండి వస్తుందని చెప్పి రోగిని మంచం మీద మోయించి రోడ్డు దగ్గరికి చేర్చేవారు. వారం తర్వాత బండి మళ్లీ వచ్చేదాకా కట్టు తడవకుండా చూసేదీ వాళ్లే.

1984లో గ్రేంజర్ వెస్ట్‌బర్గ్ అనే లూథరన్ పాస్టరు అమెరికాలోని చికాగో ప్రాంతంలో చర్చికొక నర్సు ఉండాలని ఒక పద్ధతి మొదలుపెట్టాడు. దాన్ని సంఘ నర్సు వ్యవస్థ అంటారు. ప్రపంచమంతా అదొక కొత్త ఆలోచనగా చదువుకుంటోంది. మంచి ఆలోచనే. కానీ ఉత్తర ఆర్కాటులో చదువు తక్కువైన బైబిల్ స్త్రీ, అప్పుడే శిక్షణ ముగించిన నర్సమ్మ ఆ పనిని అంతకు డెబ్భై అయిదేళ్ల ముందే చేస్తున్నారు. దానికి పేరు పెట్టలేదు కాబట్టి అది చరిత్రలోకి ఎక్కలేదు.

మదనపల్లె వైపు

ఈ పని వేలూరుకే పరిమితం కాలేదు. ఆర్కాటు మిషన్ తెలుగు ప్రాంతానికి మదనపల్లె కేంద్రం. జేకబ్ చేంబర్లేన్ అనే మిషనరీ డాక్టరు 1860లలోనే అక్కడ వైద్యం మొదలుపెట్టాడు. 1911లో అక్కడే మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి వచ్చింది. ఆడవాళ్ల కాన్పులకూ పిల్లల జబ్బులకూ చుట్టుపక్కల మండలాలన్నింటికీ అదే దిక్కు అయింది. దాని పక్కనే కొన్ని మిషన్లు కలిసి క్షయ శానటోరియం పెట్టాయి. 1912లో పని మొదలై, 1915లో ఆరోగ్యవరం ఆవరణ తెరుచుకుంది. డేనిష్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు.

అప్పటికి క్షయకు మందు లేదు. గాలి, విశ్రాంతి, తిండి, కనిపెట్టుకుని ఉండే మనిషి. అంటే చికిత్సలో ఎక్కువ భాగం నర్సింగే. కఫం పాత్ర ఎత్తడం, నెత్తురు కక్కుతున్నవాణ్ని లేపి కూర్చోబెట్టడం. ఇంట్లోవాళ్లే దూరం పెట్టే రోగాన్ని రోజూ దగ్గర నుంచి చూసే ఉద్యోగం అది. మా జిల్లాలో ముసలివాళ్లు ఆరోగ్యవరం అన్న మాటను ఊరి పేరులా కాకుండా ప్రాణం నిలిచిన చోటులా పలుకుతారు.

కాలేజీ, డిగ్రీ, ఆ తర్వాత

1918 ఆగస్టులో ఐడా ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల తెరిచింది. ఆడపిల్లలు పరీక్ష గట్టెక్కలేరని అధికారులే అనుమానించారు. ప్రభుత్వ పరీక్షకు కూర్చున్న 14 మందీ పాసయ్యారు. అదే పరీక్షలో మగవాళ్లు అయిదుగురిలో ఒకరే గట్టెక్కారు. 1930ల చివర మద్రాసు ప్రభుత్వం పాత వైద్య డిప్లొమాలు రద్దు చేసి ఎంబీబీఎస్ ఉండాలంది. కాలేజీ మూతపడే స్థితి. డెబ్భై దాటిన ఐడా యుద్ధకాలంలో అమెరికా ఊరూరా తిరిగి డబ్బు కూడగట్టింది. 1942లో విశ్వవిద్యాలయం గుర్తింపు వచ్చింది. మగ విద్యార్థులు 1947లో వచ్చారు.

మన కథకు 1946 ముఖ్యం. ఆ ఏడాది వేలూరులో నర్సింగ్ డిగ్రీ మొదలైంది. దేశంలో ఆ చదువు తొలిసారి వచ్చిన రెండు చోట్లలో ఇదొకటి, రెండోది ఢిల్లీ. అదే సంవత్సరం భోర్ కమిటీ దేశ ఆరోగ్య పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. 43,000 మందికి ఒక్క నర్సు ఉందని తేల్చింది. డాక్టర్లు మాత్రం 6,300 మందికొకరు. ప్రపంచంలో చాలా చోట్ల డాక్టర్ల కంటే నర్సులు ఎక్కువ ఉంటారు, ఇక్కడ తలకిందులు. పేదరికం ఒక్కటే కారణమైతే డాక్టర్ల సంఖ్య కూడా అంతే ఉండాలి. తలతో చేసే పనికి గౌరవం, చేతులతో చేసే పనికి మైల అనే లెక్క ఉన్న దేశంలో నర్సులు ఎక్కడి నుంచి వస్తారు?

ఐడా ఆ ఏడాదే బాధ్యతల నుంచి తప్పుకుంది. కొడైకెనాల్‌లో ఉంటూ వేలూరు వచ్చిపోతూ ఉండేది. కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్స చేసే పాల్ బ్రాండ్ లాంటి డాక్టర్లు వేలూరులో కొత్త దారి తొక్కడం చూసింది. 1960 మేలో కొడైకెనాల్‌లోనే చనిపోయింది. ఆమె పెళ్లి చేసుకోలేదు, సొంత ఆస్తి కూడబెట్టలేదు. తొంభై ఏళ్ల దాకా బతికిన మనిషి తన పేరు మీద కాకుండా పని మీదే ఆస్పత్రిని నిలబెట్టి వెళ్లింది. ఆ గౌరవం ఆమెకు దక్కాలి.

ఆదివారం, ఆరాధన ముగిశాక

ఐడాను దేవతను చేయడం సులువు. మిషనరీ కాబట్టి తీసిపారేయడమూ అంతే సులువు. రెండూ మనకు పనికిరావు. ఆమె వెనుక నడిచినవాళ్లకు ఏం దక్కిందో అడగాలి.

చదువు పెరిగి, డిగ్రీ వచ్చి, విదేశాల దారి తెరిచాక నర్సింగ్‌కు విలువ వచ్చింది. విలువ రాగానే పోటీ వచ్చింది. పోటీలో ఫీజు కట్టగలిగినవాళ్లు ముందుకెళ్లారు. ఈ పనిని మైల అని అందరూ వదిలేసిన రోజుల్లో మోసిన ఇళ్ల పిల్లలకు ఇప్పుడు ఆ సీటు అందడం కష్టమైంది. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు కాగితం మీద బీసీ సి. వాళ్లకున్న వాటా ఒక్క శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. దళితవాడలో ఇల్లు, ఊళ్లో అదే చూపు, సర్టిఫికెట్ మాత్రం వేరు. ముత్తవ్వ రోడ్డు పక్క చెట్టు కింద కురుపులు కడిగిందన్న కారణం ఏ దరఖాస్తులోనూ నింపే గడి లేదు.

సేవ అన్న మాటను కూడా తేల్చుకోవాలి. చర్చిలో అది పవిత్రమైన మాట. కానీ జీతం అడిగినప్పుడల్లా అదే మాటను అడ్డం పెడతారు. ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల కష్టాలు సుప్రీంకోర్టుకు చేరితే, 2016లో కేంద్రం వేసిన కమిటీ 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని చెప్పింది. మన జిల్లా కేంద్రాల్లో పనిచేసే అమ్మాయిలను అడిగితే ఆ సిఫారసు విలువ తెలుస్తుంది. ఊళ్లలో ఆశా కార్యకర్తలదీ ఇదే కథ. మంత్రసానికి చేటలో వడ్లు, ఆశా అక్కకు గౌరవ వేతనం. పేరు మారింది.

మా వైపు చిన్న చర్చిల్లో ఇప్పటికీ ఒక దృశ్యం కనబడుతుంది. ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా, వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. టౌన్లో నైట్ డ్యూటీ చేసి వచ్చిన ఒక నర్సు తన బీపీ మిషన్ తీస్తుంది. ముసలమ్మలు వరుసగా వచ్చి చెయ్యి చాపుతారు. ఒకామెకు మాత్రలు మానేసినందుకు చీవాట్లు. ఇంకొకామె చెవిలో ఏదో చెబుతుంది, అది ఆ వరండా దాటి పోదు. కడుపుతో ఉన్న పిల్లకు రక్తం తక్కువని కళ్లు చూసి చెబుతుంది. ఎవరికైనా పెద్ద జబ్బు అనుమానముంటే చీటీ రాసి, ఎప్పుడు ఏ రైలెక్కాలో చెబుతుంది. కాట్పాడిలో దిగాక ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో కూడా చెబుతుంది.

ఆమెకు దీనికి జీతం లేదు. ఏ రిపోర్టులోనూ ఆమె పేరుండదు. సలోమీ నుంచి ఆమె దాకా ఒక గీత గీస్తే అది నూట ఇరవై ఏళ్లు దాటుతుంది. ఐడా స్కడ్డర్ జీవితాన్ని చదవాల్సింది ఆ గీత వెంబడే. పరిశోధన చేస్తున్న మిత్రులకు నాదొక మనవి. మీ ఊరి చర్చి పాత రిజిస్టర్లు చెదలు తినకముందే తెరవండి. మీ అవ్వల్లో ఎవరు నర్సుగా పనిచేశారు, ఎవరు ఆయాగా పనిచేశారు, ఎవరు పురుళ్లు పోశారు అడిగి రాసుకోండి. ఆస్పత్రుల గోడల మీద దాతల పేర్లున్నాయి. ఆ గోడల మధ్య రాత్రంతా మేలుకున్నవాళ్ల పేర్లు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.